పిట్టకు పీట వేయు విధానం

అడవి పిట్టలకు ఒక దురలవాటు ఉంది. ఎక్కడ పడితే అక్కడ వాలతాయి. పసులపోలిగాణ్ణే చూడండి. చుట్టూ అంత పచ్చదనం పెట్టుకుని, పోయి పోయి బురదలో పొర్లి లేచిన గేదె వీపెక్కి కూర్చుంటాడు. పాలపిట్ట కరెంటు తీగ దిగదు. పసిరిక పిట్టకు పొలం చుట్టూ కట్టిన ముళ్లకంచె ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఇక తోకపిగిలి పిట్ట సంగతి సరేసరి. పిడికెడు ఒళ్లు, దాదాపు అడుగు పొడవు తోక. అంత తోక పెట్టుకున్నది కాస్త బయటికొచ్చి నలుగురికీ కనిపించేలా కూర్చోవచ్చు కదా! కూర్చోదు. మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు దూరని వెదురు పొదలో, నాలుగాకుల వెనక్కి పోయి కూర్చుంటుంది. తల దొరికితే తోక దొరకదు, తోక దొరికితే తల దొరకదు. ఏనుగు వెళ్లి తోక చిక్కిందనే సామెత ఎవరన్నారో గానీ, పాపం ఆయన కూడా కెమెరా పట్టుకుని తిరిగినవాడే అయి ఉంటాడు.

ఎక్కడ వాలాలో తేల్చుకునే పని పిట్టకు వదిలేసినంత కాలం ఈ బాధ తప్పదు. ఆ భారం మనమే నెత్తిన వేసుకోవాలి. కొమ్మ మనం తేవాలి, మనం పాతాలి, పిట్టను దాని మీదికి మనం రప్పించాలి. తెలిసినవాళ్లు ఈ కొమ్మను పెర్చ్ అంటారు. మొత్తం వ్యవహారాన్ని సెటప్ అంటారు. బయటివాళ్ల ముందు మాత్రం ఈ రెండు మాటలూ వాడకూడదు. వాళ్లు అడిగితే ‘అడవిలో దొరికింది’ అనాలి.

ముందు పిట్టను ఎంచుకోండి

తోక ఉన్న ప్రతిదానికీ పీట వేస్తూ కూర్చుంటే పని తెమలదు. నెమలిని వదిలేయండి, దాన్ని మెట్ట పొలంలో రైతు రోజూ తోలుతూనే ఉంటాడు. రామచిలుక 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అయిందన్న మాటే గానీ, జామతోటలో తీసిన చిలుక ఫొటోకు బంధువులు తప్ప ఎవరూ లైకు కొట్టరు. చెరువులో ఉండే జకానాకు వానాకాలంలో చక్కటి తోక వస్తుంది, కానీ అది తామరాకుల మీదే నడుస్తుంది కాబట్టి మనం వేసే పీటతో దానికి పని లేదు. తోక చివర రెండు గరిటెలు వేలాడేసుకుని తిరిగే అడవి పసులపోలిగాడు మంచి సరుకే. అయితే వాడు నలుపు. నలుపులో వివరాలు రాబట్టడానికి ఖరీదైన కెమెరా కావాలి. పైగా మిగతా పిట్టల గొంతులన్నీ అనుకరిస్తాడు. మీ స్పీకర్ వేసే పాట కూడా నేర్చేసుకుంటే పక్కవాడి సెటప్ చెడిపోతుంది.

కాబట్టి తోకపిగిలి. అందులోనూ మగపిట్ట, అందులోనూ తెల్లది. ఇటుక రంగు మగపిట్ట కూడా అదే జాతి, తోకలోనూ తేడా లేదు. కానీ తెల్లదానికున్న గిరాకీ దానికి లేదు. ఆడపిట్టకు పొడుగు తోక ఉండదు. మగపిట్టకైనా పుట్టగానే రాదు, రెండో ఏడో మూడో ఏడో వస్తేగానీ ఆ రెండు రిబ్బన్లు దిగవు. అంతదాకా పొట్టి తోకతో, ఇటుక రంగులో, చూడటానికి ఆడపిట్టలాగే ఉంటాడు. ఇలాంటి ఆడవాళ్లూ కుర్రవాళ్లూ మీ కొమ్మ మీదికొస్తే చప్పట్లు కొట్టి తోలేయండి. ఆ కొమ్మ కింద ఉన్నది ఆ చుట్టుపక్కల మిగిలిన ఒకే ఒక్క నీటిగుంట కావచ్చు. అయినా ముఖ్య అతిథి వచ్చేసరికి పీట ఖాళీగా ఉండాలి.

కొమ్మ

కొమ్మను పిట్ట ఉన్న అడవిలో వెతక్కండి. అక్కడ ఉండేవి మామూలు కొమ్మలు. మనకు కావలసింది నాచు పట్టి, బెరడు పగిలి, ఒక వంపు తిరిగి, చివర ఒకే ఒక్క లేత చిగురున్న కొమ్మ. అలాంటివి ప్రకృతిలో అరుదుగా దొరుకుతాయి కాబట్టి తయారుచేసుకోవడమే మేలు. నాచు వేరే చోటి నుంచి గీరి తెచ్చి ఫెవికాల్‌తో అంటించవచ్చు. ఉత్తరాఖండ్ వెళ్లొచ్చిన స్నేహితుడు కారు డిక్కీలో దేవదారు కొమ్మ తెచ్చిస్తే దాని మీద శేషాచలం పిట్టను నిస్సంకోచంగా కూర్చోబెట్టండి. పిట్టకు వృక్షశాస్త్రం రాదు. పోటీల్లో జడ్జీలకు వస్తుందేమోనన్న భయం కూడా, నేను చూసినంతలో, అనవసరం.

పూలకొమ్మకు విలువ ఎక్కువ. ముఖ్యంగా మోదుగ. ఎర్రటి మోదుగపూల మధ్య తెల్లటి తోకపిగిలి, ఆహా! చిక్కల్లా ఒకటే. మోదుగ ఫిబ్రవరి, మార్చిల్లో పూసి రాలిపోతుంది, తోకపిగిలి గూడు కట్టి, తోక ఊపుకుంటూ మీ అందుబాటులోకొచ్చేది మే, జూన్‌లలో. దీనికి ప్లాస్టిక్ పూలు వాడినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అది మోసం. అసలు పూలనే ముందు కోసి ఫ్రిజ్‌లో దాచుకోవాలి, ఏ కూరగాయల అరలో పెడితే ఎన్నాళ్లుంటాయో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోవాలి. నిలవ ఉండకపోతే మండు వేసవిలో పూసే తురాయి ఎలాగూ ఉంది. మడగాస్కర్ చెట్టయితేనేం, ఎరుపే కదా.

ఇక కొలతలు. ఈ పిట్ట కాళ్లు పొట్టివి, సన్నవి. లావు కొమ్మ మీద కూర్చుంటే వేళ్లు కనిపించవు, బొమ్మను అతికించినట్టుంటుంది. పెన్సిలంత మందం చాలు. కొమ్మను కాస్త ఏటవాలుగా నిలపాలి. పిట్ట చివర్లో కూర్చుంటే తోక గాల్లో వేలాడుతుంది, మధ్యలో కూర్చుంటే కొమ్మ వెనక్కి పోతుంది. పిట్టలు మధ్యలోనే కూర్చోవాలని చూస్తాయి, అక్కడ కొమ్మ ఊగదు కాబట్టి. రెండు తుమ్మముళ్లు నాచు కింద గుచ్చిపెడితే ఆ అలవాటు మానుకుంటాయి. తోక నేలకు తగలకుండా, ఫ్రేములో కోసుకుపోకుండా కొమ్మ కింద రెండడుగులైనా జాగా ఉండాలి. వెనక కనీసం ముప్పై అడుగుల దాకా ఏమీ ఉండకూడదు. ఉన్నవాటిని కొట్టేయండి. కొట్టలేనంత పెద్ద చెట్టయితే ముదురాకుపచ్చ దుప్పటి ఒకటి కట్టండి. ఫొటోలో అది మెత్తగా కరిగి అడవిలాగే కనిపిస్తుంది. నిజం అడవి అంత మెత్తగా ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పని, మిగతా పీటలు తీసేయడం. నీటిగుంట చుట్టూ వాలడానికి వీలున్న ప్రతి రెమ్మనూ, తీగనూ, రాతినీ తొలగించండి. పిట్ట దాహంతో వచ్చి చూస్తే కాలు మోపడానికి మీ కొమ్మ ఒక్కటే కనిపించాలి. తోకపిగిలికి సాయంత్రం పూట స్నానమంటే మహా ఇష్టం. కొమ్మ మీది నుంచి బుడుంగున నీళ్లలోకి దూకి, మళ్లీ అదే కొమ్మకు వచ్చి, ఈకలు విదిల్చి, మళ్లీ దూకుతుంది. తడిసిన రెక్కలతో చురుగ్గా ఎగరలేదు కాబట్టి నీళ్లకు దగ్గర్లో దూరిపోవడానికి ఓ పొద ఉందో లేదో ముందే చూసుకుంటుంది. ఆ పొదనే మీరు పొద్దున కత్తిరించింది. ఈ సంగతి పిట్టకు ఆలస్యంగానూ, పైన తిరిగే డేగకు ముందుగానూ తెలుస్తుంది. కంగారు పడకండి. షట్టర్ స్పీడు రెండు వేలకు పెంచి సిద్ధంగా ఉండండి. అది ఇంకో కేటగిరీ కింద పంపుకోవచ్చు.

మన పెద్దలు

ఈ విద్య మనతో మొదలు కాలేదు. 1827 నుంచి 1838 దాకా అచ్చయిన ‘బర్డ్స్ ఆఫ్ అమెరికా’ బొమ్మలు గీసిన ఆడుబాన్ మహాశయుడు ముందు పిట్టను తుపాకీతో కొట్టి, తర్వాత ఒంట్లోకి తీగలు గుచ్చి, ఎగురుతున్నట్టో వాలుతున్నట్టో నిలబెట్టి గీసుకునేవాడు. అది కదలదు, మెదలదు, తోక ఎటు తిప్పితే అటే. ఆ సుఖం మనకు రాసిపెట్టి లేదు.

తర్వాత్తర్వాత ఈ రంగంలోకి అమాయకులు ప్రవేశించారు. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ అని కియర్టన్ సోదరులిద్దరుండేవారు. పిట్టలు బెదరకుండా దగ్గర నుంచి ఫొటో తీయాలని 1900లో ఎద్దు తోలుతో బోలు ఎద్దును ఒకదాన్ని చేయించి, కెమెరాతో సహా దాని కడుపులో దూరి పచ్చిక బయళ్లలో నిలబడేవాళ్లు. గొర్రె వేషం కూడా ఉండేదట. పిట్ట కోసం మనిషి ఎద్దు కావడమేమిటి? ఒక కొమ్మ నరికితే పోయేదానికి! ఇంకో ఆంగ్లేయుడు, ఎరిక్ హాస్కింగ్. 1937లో గుడ్లగూబ గూటి దగ్గర కట్టుకున్న మాటులోకి చీకట్లో ఎక్కుతుంటే అది వచ్చి కంట్లో గోరు దించింది. ఎడమ కన్ను పోయింది. ఆయన మిగిలిన కంటితోనే ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు పిట్టల్ని తీశాడు. ఈ కథ నుంచి మనం నేర్చుకోవలసింది, గూటి దగ్గరికి పోయేటప్పుడు హెల్మెట్ పెట్టుకోవాలని.

తిండి, పాట

కొమ్మ సిద్ధమైంది. పిట్ట రావాలి. గింజలు తినే పిట్టయితే కొమ్మ వెనకవైపు చిన్న చిల్లు తొలిచి వేరుశనగ పప్పు కూరి పెడతారు. ముందు నుంచి చిల్లు కనిపించదు, పిట్ట మాత్రం శిల్పాన్ని పరిశీలిస్తున్నట్టు కొమ్మకేసి చూస్తుంది. తోకపిగిలి ఎగిరే పురుగును గాల్లో పట్టుకుని తినే రకం కాబట్టి ఈ ఎత్తు పారదు. దానికి నీళ్లూ పాటా.

పసిరిక పిట్ట విషయంలో పని ఇంకా సులువు. తోక మధ్య నుంచి సూదిలాంటి ఈకలు పొడుచుకొస్తాయి కాబట్టి మన లెక్కలో అదీ తోకపిట్టే. ఇసుక గట్టులో సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడుతుంది. తేనెటీగను గాల్లోనే పట్టి, తెచ్చి కొమ్మకేసి టపటపా బాది, కొండి పోయిందనుకున్నాక గానీ మింగదు. అంటే దానికెప్పుడూ ఒక కొమ్మ అవసరం. ఆ అవసరం మీరు తీర్చండి. సొరంగానికి రెండడుగుల దూరంలో ఒక ఎండుపుల్ల గుచ్చి, ఎదురుగా ట్రైపాడ్ వేసుకుని కూర్చోండి. కాసేపటికి ముక్కున తూనీగను కరుచుకుని వచ్చి వాలుతుంది. ఇక చూసుకోండి. లోపలికి పోదు. తూనీగను మింగదు. మెడ అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది, మళ్లీ మీకేసి చూస్తుంది. తూనీగ రెక్కల మీద ఎండ పడి సన్నటి ఈనెలు కూడా కనిపిస్తాయి. కంట్లో మీ నీడ పడుతుంది. కొత్తవాళ్లు దీన్ని పోజు ఇవ్వడం అనుకుని పిట్టను తెగ మెచ్చుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లకు అసలు సంగతి తెలుసు. మీరు లేచి పోతే లోపలికెళ్లి పిల్లల నోట్లో పెడదామని అది చూస్తోంది. సొరంగంలోంచి సన్నగా అరుపులు వినిపిస్తూనే ఉంటాయి. మీరు లేవకండి. మీరు లేవనంతసేపూ అది కూర్చునే ఉంటుంది. అన్ని కోణాలూ అయిపోయాక పుల్ల మార్చండి. రెండో పుల్లకు కూడా వస్తుంది. పాపం, రాక ఏం చేస్తుంది?

పాట గురించి. మగ తోకపిగిలి కూత ఫోనులో దొరుకుతుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను కొమ్మ కింద ఆకుల్లో దాచి గట్టిగా వేయండి. తన ఇలాకాలో ఇంకో మగాడు గొంతు లేపాడనుకుని అది ఒంటికాలి మీద లేచి వస్తుంది. తల మీది జుట్టు నిక్కబొడుచుకుంటుంది, తోక జాడిస్తుంది, పొద చుట్టూ తిరుగుతుంది. శత్రువు కనిపించడు. ఎదురు కూత కూసి మీ కొమ్మ మీద వాలుతుంది. అప్పుడు నొక్కాలి. వెళ్లిపోగానే మళ్లీ వేయాలి. ఎన్నిసార్లు వేయాలని కొందరు అడుగుతుంటారు. స్పీకర్ చార్జింగ్ ఉన్నన్నిసార్లు. కనిపించని పగవాడితో పొద్దస్తమానం పోట్లాడే పిట్టకు పురుగులు పట్టడానికీ, గుడ్ల మీద కూర్చోవడానికీ తీరిక చిక్కదన్న మాట నిజమే. అవన్నీ వాళ్లింటి విషయాలు, మనం తలదూర్చకూడదు.

కొన్నాళ్లకు ఎంత వేసినా రాని రోజొకటి వస్తుంది. అప్పుడు స్పీకర్ మార్చండి.

గూడు

కొమ్మ వేసే శ్రమ కూడా లేకుండా పిట్టే ఎంచుకుని, పిట్టే కట్టుకుని, రోజంతా వచ్చి కూర్చునే పీట ఒకటుంది. అది గూడు. తోకపిగిలి గూడు టీ కప్పంత ఉంటుంది. సన్నటి గడ్డీ పీచూ అల్లి, సాలెగూడు దారాలతో బిగించి, పలచటి కొమ్మ పంగలో కడుతుంది. చాలాసార్లు మనిషి ఎత్తుకు కాస్త పైనే దొరుకుతుంది. ఇందులో మనకు పనికొచ్చే విశేషం ఏమిటంటే గుడ్లు పొదగడంలో ఆడా మగా వంతులు వేసుకుంటాయి. మగపిట్ట ఆ చిన్న కప్పులో ఒదిగి కూర్చుంటే తోక మాత్రం లోపల పట్టక తెల్లగా, పొడుగ్గా కిందికి జారి గాలికి ఊగుతుంది. ఈ బొమ్మ కోసం హైదరాబాద్ నుంచి ఏ అడవికైనా అర్ధరాత్రి బయల్దేరేవాళ్లున్నారు.

గూడు ఎప్పుడూ ఆకుల మరుగున ఉంటుంది. ఇది పిట్ట చేసిన పొరపాటు. చిన్న కత్తెర తీసుకుని ముందున్న ఆకులు ఒక్కొక్కటీ కత్తిరించండి. ఈ పనిని ముద్దుగా గార్డెనింగ్ అంటారు. ఆకు పోగానే వెలుతురు పడుతుంది. వెలుతురుతో పాటు మే నెల ఎండ కూడా పడుతుంది, ఈకలు రాని పిల్లలు నోళ్లు తెరిచి ఎగరొప్పుతాయి. ఆ నోళ్లు లోపల పచ్చగా, చూడముచ్చటగా ఉంటాయి, క్లోజప్‌కు బాగుంటాయి. తల్లి రెక్కలు విప్పి గొడుగులా అడ్డం పట్టుకుని నిలబడితే దానికి ‘మాతృప్రేమ’ అని పేరు పెట్టవచ్చు. అప్పటిదాకా ఆకుల వల్ల ఏమీ కనిపించని కాకులకు, గోకురాయిలకు కూడా గూడు స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది. సాయంత్రానికి గూడు ఖాళీ అయితే నిరాశపడకండి. అడవిలో గూళ్లు చాలా ఉంటాయి, గైడుకు తెలుసు.

తొందర మాత్రం అవసరం. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి తొమ్మిది నుంచి పన్నెండు రోజులు. మొత్తం కలిపి నెల కూడా లేదు. కాబట్టి గూడు దొరగ్గానే లొకేషన్‌ను అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టండి. ఒక్కరే చూసి దాచుకోవడం స్వార్థం. ఎనిమిది మంది ఒకేసారి వస్తే గూటి ముందు చోటు చాలదు కాబట్టి ఇంకాస్త పొద కొట్టుకోవాలి.

సీటు మర్యాదలు

సొంతంగా ఇంత చేసుకోలేనివాళ్లకు సీటు లెక్కన డబ్బు కట్టి కూర్చునే మాటులున్నాయి. ఉత్తరాఖండ్ సాత్‌తాల్‌లో ఒక వాగు ఒడ్డును ఫొటోగ్రాఫర్లు స్టూడియో అనే పిలుచుకుంటారు. అక్కడి కొండల్లో ఎర్రముక్కు నీలి మాగ్‌పై ఉంటుంది, ఒంటి కన్నా తోకే పొడవు. ఇలాంటి మాటుల్లో ఆకుపచ్చ గుడ్డకు కోసిన కంతల్లోంచి లెన్సులు వరసగా బయటికి పొడుచుకుని ఉంటాయి. పెళ్లిపీటల మీద వరుణ్ణి కూర్చోబెట్టి, అక్షింతలు వేసేవాళ్లను కూడా పక్కకు జరగమనే వీడియోగ్రాఫర్ ధాటి ఇక్కడ పనికొస్తుంది. పిట్ట కుడి వైపు తిరిగి కూర్చుంటే ‘ఇటు, ఇటు’ అని గట్టిగా అనవచ్చు. సీటు మీది, డబ్బు మీది. పిట్ట రాకపోతే గైడు మీద కోప్పడండి. పాపం అతను అడవి పక్క పల్లెటూరివాడు, ఇల్లు గడవాలి. రేపు ఇంకో గుప్పెడు పురుగులు ఎక్కువ చల్లుతాడు. నిజానికి పిట్టను ఎంతసేపు వదిలేయాలో అతనికి బాగా తెలుసు, కానీ అలా తెలిసిన గైడుతో మీ కార్డు నిండదు.

ఇదేమీ కొత్త వ్యాపారం కాదు. మన దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని ఒకప్పుడు ఊరి బయటికి నడిచి, పొలాల్లో వెతికి చూసేవారు. తర్వాత నడిచే ఓపిక తగ్గింది. పిట్టను పట్టి, కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు పూసి, పంజరంలో పెట్టుకుని గుడి దగ్గరికి తెచ్చి పది రూపాయలకు చూపించేవాళ్లు వచ్చారు. తెలంగాణ రాష్ట్ర పక్షి అన్న గౌరవం కూడా దాన్ని కాపాడలేకపోయింది. మనం అంత మోటుగా చేయం. పంజరం లేదు, జిగురు లేదు. పిట్ట స్వేచ్ఛగా వచ్చి, మనం చెప్పిన చోట, మనం చెప్పిన వైపు తిరిగి కూర్చుంటుంది.

కెమెరా సంగతులు కొద్దిగా

పొడుగు తోకల్ని నిలువు ఫ్రేములో తీయాలి. పిట్ట మీకు పక్కవాటుగా ఉంటేనే ముక్కు నుంచి తోక చివరి దాకా ఫోకస్ నిలుస్తుంది, లేకపోతే ఎఫ్8 పెట్టినా తోక మసకబారుతుంది. గాలికి తోక ఊగితే స్పీడు పెంచాలి. ఈ పేరాలో చెప్పినవి నిజంగా పనికొస్తాయి. మాటు నుంచి, దూరం నుంచి, పిట్ట తనంతట తను వాలిన కొమ్మ మీద కూడా పనికొస్తాయి. అందుకే వీటి మీద ఎక్కువ సమయం వృథా చేయడం లేదు.

ఇంటికొచ్చాక

కంప్యూటర్లో ముందు కొమ్మను పట్టి నిలిపిన క్లాంపు చెరపండి. తర్వాత ముళ్లు. స్నానం చేసి తోక ఈకలు అంటుకుపోయి ఉంటే నిన్నటి ఫొటోలోని తోకను తెచ్చి అతికించండి. పిట్ట అదే, తోక అదే, రోజే కదా వేరు. శీర్షికలో ‘నిరీక్షణ’, ‘ధ్యానం’, ‘ఆత్మ’ అన్న మాటల్లో కనీసం ఒకటి ఉండాలి. ఎన్ని గంటలు కదలకుండా కూర్చున్నారో రాయండి. పిట్ట ఎన్ని గంటలు కూర్చుందో రాయక్కర్లేదు.

పోటీలకు పంపే ముందు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల ముచ్చట గుర్తుంచుకోండి. 2009లో గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటోకు పెద్ద బహుమతి ఇచ్చి, అది పెంపుడు తోడేలై ఉండవచ్చని 2010లో వెనక్కి తీసుకున్నారు. 2017లో బహుమతి పొందిన ఒక చీమలు తినే జంతువు గడ్డి కూరిన బొమ్మలా ఉందని 2018లో తీసేశారు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ కాదనే అన్నారు. మనకు ఆ భయం లేదు. మన సెటప్‌లో పిట్ట ఒక్కటే అసలుది.

చివరగా చట్టం. ఎవరో ఒకరు ఈ మాట ఎత్తకుండా ఉండరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లో వేట అంటే ఏమిటో చెప్పిన చోట ఎర వేయడం, తరమడం కూడా చేర్చారు. పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా అందులోనే ఉంది. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చు గానీ, ఆవాసంలో ఏ మార్పూ చేయకుండా, దానికీ ప్రాణులకూ హాని చేయకుండా తీయాలని 2022 సవరణలో రాశారు. కొమ్మ, కత్తెర, స్పీకర్, పురుగుల డబ్బా బ్యాగు అడుగున సర్దుకున్నాక అనుమతి కోసం దరఖాస్తు పెడతారు కదా, అందులో ఎందుకు వస్తున్నారో రాయాలి. అక్కడ ఫొటోగ్రఫీ అనే రాయండి. రెండో సెక్షన్‌లో ఉన్న మాట రాస్తే లోపలికి రానివ్వరు.